ఆరు ఇడ్లీల టవరు

గుండ్లమెట్ట మొబైల్ టవరును పీకేసి దాని స్థానంలో దాని వాచ్‌మన్ మాలకొండయ్యను కూర్చోబెట్టినప్పటి నుంచి చుట్టుపక్కల మూడు ఊళ్ళలో సిగ్నలు ఒక గీత పెరిగింది, డీజిలు వాడకం సున్నాకు పడిపోయింది. ఈ మార్పు జూన్ ఏడో తేదీ ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు జరిగింది. టవరు ఇనుమును లారీకెత్తి ఒంగోలు గోడౌనుకు పంపించారు. మాలకొండయ్యను మెట్ట మీది పాత జనరేటరు గది శ్లాబు పైన, నీలం ప్లాస్టిక్ కుర్చీలో, తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, ఎండ తగలకుండా ఒక గొడుగు కట్టారు. రిజిస్టరులో 'పరికరం రకం' అన్న గడిలో 'మనిషి' అని రాశారు. 'చివరిసారి పెయింటు వేసిన తేదీ' అన్న గడి దగ్గర మాత్రం కాసేపు ఆలోచించి, గీత కొట్టి వదిలేశారు.

ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోలేదు. చేతిలో ఫోను పనిచేస్తున్నంత కాలం అది దేనివల్ల పనిచేస్తోందని అడిగే అలవాటు ఆ మూడు ఊళ్ళలో ఎవరికీ లేదు. ఆ మాటకొస్తే ఇంకే ఊళ్ళోనూ లేదు.

అసలు సంగతి అంతకు ముందు నవంబరు తుపానులో బయటపడింది. నాలుగు రోజులు కరెంటు లేదు. డీజిలు తెచ్చే ఆటో వాగు అవతల ఆగిపోయింది. జిల్లాలో సగం టవర్లు నోరు మూసుకుంటే గుండ్లమెట్ట టవరు మాత్రం నిక్షేపంగా పనిచేస్తోందని కంపెనీ కంప్యూటర్లు చూపించాయి. ఇంధనం లేకుండా పనిచెయ్యడం కంపెనీ లెక్క ప్రకారం దొంగతనం కిందికి వస్తుంది. అందుకని, ఎక్కడి నుంచి తీగ లాగారో కనుక్కు రమ్మని మెయింటెనెన్స్ చూసే జిలానీని పంపించారు.

జిలానీ నడుంలోతు నీళ్ళలో వాగు దాటి మెట్టెక్కేసరికి జనరేటరు చల్లగా ఉంది. బ్యాటరీలు చచ్చి ఉన్నాయి. వాచ్‌మన్ మాలకొండయ్య గడప మీద కూర్చుని ఉల్లిపాయ నంజుకుంటూ చద్దన్నం తింటున్నాడు.

"రా జిలానీ, బాగా తడిసిపొయ్యావు. కూకో. రొండు ముద్దలు తింటావా?"

"బాబాయ్, జనరేటరు ఎప్పుడాగింది?"

"సోమారం."

"మరి సిగ్నలు ఎట్టా వస్తంది?"

"నాకేం తెలుసు? నేను యాడికీ పోలా."

అన్నం తిన్నాక మాలకొండయ్య బీడీల కోసం మెట్ట దిగాడు. మెట్ట మీద సిగ్నలు పోయింది, బీడీల కొట్టు దగ్గర నిండుగా వచ్చింది. జిలానీ ఏడేళ్ళ అనుభవం ఉన్నవాడు. తొందరపడకుండా మాలకొండయ్యను మూడుసార్లు దించి, మూడుసార్లు ఎక్కించి చూశాడు. ఆ తర్వాత అతన్ని కాస్త ఎత్తుగా ఉన్న రాయి మీద నిలబెట్టి, అతని గుండానే ఆఫీసుకు ఫోన్ చేసి సంగతి చెప్పాడు.

విజయవాడ ఆఫీసులో ఇంధన పొదుపు, సుస్థిరత విభాగానికి హిమబిందు అనే ఇంజనీరు అధికారి. చెడ్డ మనిషి కాదు, పాపం. ఆరేళ్ళుగా ఆమె టవర్లు తినే కరెంటు తగ్గించడానికి చెయ్యని పని లేదు. సోలార్ పలకలు పెట్టిస్తే కోతులు ఊడబీకాయి. పరికరాల గదుల్లో ఏసీలు తీయించేస్తే పరికరాలు కాలాయి. జనం మాట్లాడని వేళల్లో టవరు దానంతటదే నిద్రపోయే ఏర్పాటు చేయిస్తే కొన్ని టవర్లు మళ్ళీ లేవలేదు. అలాంటి సమయంలో మాలకొండయ్య ఆమెకు వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు దొరికాడు.

ఆమె కొలతలు తీసింది. పాత టవరు రోజుకు నలభై యూనిట్ల కరెంటు, తొమ్మిది లీటర్ల డీజిలు మింగేది. మాలకొండయ్య పొద్దున ఆరు ఇడ్లీలు, మధ్యాహ్నం పప్పన్నం, సాయంత్రం ఒక గ్లాసు టీతో అదే పని చేస్తున్నాడు. ఒక్కో ఇడ్లీకి నాలుగు వందల పన్నెండు కాల్స్ పడుతున్నాయి. పెసరట్టు పెట్టి చూస్తే కాల్స్ పెరిగాయి గానీ మాటలో కాస్త గరగర వచ్చింది. అందుకని ఇడ్లీయే ఖాయం చేశారు. పెద్ద ఆఫీసు గోడ మీద దేశంలోని టవర్లన్నిటి వాడకం గీతలుగా గీస్తే, మిగతావన్నీ తాటిచెట్లలా నిలబడ్డాయి, మాలకొండయ్య గీత కళ్ళద్దాలు పెట్టుకున్నా కనబడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. పచ్చని ఆకు బొమ్మ ఉన్న రేకు ఒకటి చేయించి, అతని మెడలో వేలాడదీశారు.

మాలకొండయ్య సంతోషించాడు. పదకొండేళ్ళు టవరుకు కాపలా కాసినవాడికి తనే టవరు కావడం ప్రమోషనే గదా. పనీ అంత కష్టంగా లేదు. తన గుండా పోయే మాటలు అతనికి వినపడవు, కాని మాట రకం తెలుస్తుంది. తగాదాలు మెడ వెనక దురదగా వస్తాయి. పెళ్ళి సంబంధాలు మోచేతిలో జివ్వుమంటాయి. క్రికెట్ వీడియోలు పళ్ళలోకి దిగుతాయి. ఎవరైనా అబద్ధమాడితే ఎడమ కాలి బొటనవేలు చల్లబడుతుంది. ఆ వేలికి మేజోడు ఇప్పించమని జిలానీ అర్జీ పెట్టాడు, అది మంజూరైంది.

రోజుకు రెండుసార్లు ఎనిమిదేసి నిమిషాలు కాలకృత్యాలకు సెలవు. ఆ సమయంలో 'నెట్‌వర్క్ మెరుగుదల పనుల వల్ల సేవలకు అంతరాయం కలుగుతుంది, సహకరించగలరు' అని మూడు ఊళ్ళ ఫోన్లకూ మెసేజీ పోయేది. జనం సహకరించారు. మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మూడున్నర దాకా ఊళ్ళన్నీ కునుకు తీస్తాయి కాబట్టి ఆ రెండు గంటలూ మాలకొండయ్య ఎడమ చెయ్యి, ఎడమ కాలు ఆపేసుకోవచ్చు. దీనివల్ల ఒకటిన్నర ఇడ్లీ ఆదా అవుతోందని హిమబిందు తేల్చింది.

చిక్కంతా మాట దగ్గర వచ్చింది.

మాలకొండయ్య టవరైన మొదటి రోజు మధ్యాహ్నం అతని భార్య తిరుపతమ్మ క్యారియరు తీసుకుని మెట్టెక్కింది. వాళ్ళ ఇల్లు మెట్ట కిందే. మాలకొండయ్య ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఏమే, పప్పులో ఉప్పు ఎక్కువైనట్టుందే" అన్నాడు. ఆ ఒక్క ముక్కకు మూడు ఊళ్ళలో అరవై రెండు కాల్స్ తెగిపోయాయి. తూర్పుపాలెంలో పెళ్ళి మాటలు సగంలో ఆగాయి. మీరు పెట్టేశారంటే మీరు పెట్టేశారని ఇరువైపుల వాళ్ళూ అలిగి, ఆ సంబంధమే పోయింది. హిమబిందు వచ్చి పరీక్షించి, మాలకొండయ్య సొంత మాటలూ ఊళ్ళ మాటలూ ఒకే దారిలో పోతున్నాయనీ, అతను నోరు విప్పితే ఊళ్ళు నోరు మూసుకోవాల్సి వస్తుందనీ రాసింది. వారం తిరిగేసరికి ఏడో నిబంధన వచ్చింది. పరికరం స్వీయ సంభాషణ చెయ్యరాదు.

ఇది మాలకొండయ్యకు గొంతు నులిమినట్టయింది. మండలంలో అతనంత మాటకారి లేడు. నిద్ర లేవడమే మాటతో లేచేవాడు. తిరుపతమ్మతో ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ప్రతిరోజూ కనీసం రెండు గంటలు కబుర్లు చెప్పాడు. గేదె ఈసారి ఎందుకు ఆలస్యంగా చూడి కట్టింది, రాళ్ళపల్లి కరణం గారి గోడ ఎవరివైపు వంగింది, నిన్న తిన్న కాకరకాయ మొన్నటి కాకరకాయ కంటే ఎందుకు చేదు. ఆ మాటల్లో ఒక్కటీ అవసరమైనది కాదు. కాబట్టే అవి లేకపోతే అతనికి ఊపిరాడలేదు.

పోనీ, తను మాట్లాడకపోయినా తిరుపతమ్మ చెప్పేది విందామనుకున్నాడు. ఆమె రోజూ శ్లాబు మీద కూర్చుని, అన్నం కలిపి పెడుతూ, ఇంటి సంగతులన్నీ చెప్పేది. ఆ నెల లెక్కల్లో ఇడ్లీల సంఖ్య ఏడున్నరకు ఎక్కింది. వినడం కూడా పనే, దానికీ ఇంధనం కావాలి అని హిమబిందు వివరించింది. వినడాన్ని రోజుకు అయిదు నిమిషాలకు కుదించారు. అయిదు నిమిషాల్లో చెప్పేది తిరుపతమ్మకు కబురులా అనిపించలేదు, అర్జీలా అనిపించింది. వారం రోజులు చూసి, ఆమె క్యారియరు అక్కడ పెట్టి దిగి వెళ్ళడం మొదలుపెట్టింది. ఆమె వీపు మెట్ట దిగుతుంటే మాలకొండయ్యకు ఏడుపొచ్చేది. ఏడిస్తే వీడియోలు ఆగిపోతాయని దిగమింగుకునేవాడు.

ఉద్యోగం మానేద్దామని ఒకసారి కాగితం మీద రాసి జిలానీకి చూపించాడు. జిలానీ నిబంధనల పుస్తకం అంతా తిరగేశాడు. టవరు రాజీనామా చేసే పద్ధతి అందులో లేదు. తుక్కు కింద అమ్మే పద్ధతి మాత్రమే ఉంది.

"అంత దూరం వొద్దులే బాబాయ్" అన్నాడు జిలానీ.

ఆ మూడు ఊళ్ళలో మిస్డ్ కాల్ అనేది ఒక భాష. పొలం మోటార్లకు త్రీఫేజ్ కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అది వచ్చిందని ఊళ్ళో వాళ్ళు పొలంలో వాళ్ళకు ఒక రింగిచ్చి కట్ చేస్తారు. రెండు రింగులిస్తే పోయిందని. మూడిస్తే అన్నం తయారైంది, రమ్మని. నాలుగిస్తే చుట్టాలొచ్చారు, చొక్కా వేసుకు రమ్మని. ఇలా పసుపు కొట్టే ముహూర్తాల దగ్గర నుంచి పురుడొచ్చిన కబురు దాకా నడిచిపోతాయి. ఎవరైనా పొరపాటున ఫోన్ ఎత్తితే తిడతారు.

ఒకరోజు తిరుపతమ్మ వంటింట్లో కందిపప్పు ఎసట్లో పోస్తూ అలమర వైపు చూసింది. అక్కడ మాలకొండయ్య పాత ఫోను పడి ఉంది. టవరుకు ఫోను ఉండకూడదు కాబట్టి డ్యూటీలో చేరిన రోజే దాన్ని ఇంట్లో వదిలేశాడు. తిరుపతమ్మ తన ఫోను నుంచి ఆ ఫోనుకు ఒక రింగిచ్చి కట్ చేసింది. రెండు ఫోన్ల మధ్య మూరెడు దూరమే ఉన్నా, రింగు మాత్రం మెట్టెక్కి మాలకొండయ్య గుండా పోయి తిరిగి రావాల్సిందే.

మెట్ట మీద మాలకొండయ్య కుడి చేతి బొటనవేలు చురుక్కుమంది. అలాంటి రింగులు అతనికి రోజుకు వెయ్యి తగులుతాయి. కాని ఇది పప్పు కుతకుతలాడే వాసనతో వచ్చింది. తన ఇంటి నుంచి తన ఇంటికే పోతోంది. అతనికి ప్రాణం లేచొచ్చింది.

బదులు చెప్పడమెలా? మాట్లాడితే ఊళ్ళు ఆగిపోతాయి. అయితే కాల్ కలవనప్పుడు ఫోన్లో వినిపించే రికార్డు మాటలు టవరు సొంత మాటలు కావు, కంపెనీవి. వాటికి ఏడో నిబంధన అడ్డురాదు. తిరుపతమ్మ రెండోసారి రింగివ్వబోతే, 'ఈ మార్గంలోని అన్ని లైన్లూ రద్దీగా ఉన్నాయి, దయచేసి కొంతసేపటి తర్వాత ప్రయత్నించండి' అని ఆడమనిషి గొంతు పలికింది. తిరుపతమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. పొద్దున వేళ ఊళ్ళో ఎవరికీ లైను రద్దీగా లేదు.

"విన్నాడు" అని పొయ్యితో చెప్పింది.

పది రోజుల్లో వాళ్ళకు భాష కుదిరింది. లైన్లు రద్దీగా ఉన్నాయంటే ఔనని. 'మీరు డయల్ చేసిన నంబరు సరికాదు' అంటే కాదని. 'స్పందించుట లేదు' అంటే అలిగానని. 'ప్రస్తుతం కవరేజీ పరిధిలో లేరు' అంటే నువ్వు గుర్తొస్తున్నావని. తిరుపతమ్మ పెరట్లో గేదె పక్కన నిలబడి ఫోను చెవికి పెట్టుకుని, ఆ ఆడమనిషి గొంతు తన మొగుడి కవరేజీ గురించి చెబుతుంటే ఒక్కోసారి సిగ్గుపడేది కూడా. ఆ గొంతు ఎవరిదోగాని చల్లగా ఉండాలని దణ్ణం పెట్టుకునేది.

నెలాఖరున విజయవాడలో హిమబిందు కాగితాలు తిరగేస్తుంటే ఒకే ఇంట్లో ఉన్న రెండు ఫోన్ల మధ్య రోజుకు సగటున నలభై ఒక్క కాల్స్ కనిపించాయి. ఒక్కదాంట్లోనూ ఒక్క మాటైనా లేదు. మాట లేని కాల్ అంటే ఆమె విభాగంలో కుళాయి తిప్పి వదిలెయ్యడం లాంటిది. మర్నాడే జిలానీని వెంటబెట్టుకుని తిరుపతమ్మ ఇంటికి వచ్చింది. తిరుపతమ్మ పీట వేసి, మజ్జిగ ఇచ్చింది.

"ఇన్ని మిస్డ్ కాల్స్ ఎవరికి ఇస్తున్నారమ్మా?"

"నా మొగుడికి."

"ఆయన ఫోను ఇక్కడే అలమరలో ఉంది కదా."

"ఫోను ఈడుంది. మడిసి ఆడున్నాడు. మద్దెలో నేనున్నా."

"టవరుతో మాట్లాడకూడదని నిబంధన ఉందమ్మా."

"టవరుతో యాడ మాట్లాడతన్నా? టవరు గుండా మాట్లాడతన్నా. ఊరంతా చేసేది అదే గదా మేడమ్మా."

హిమబిందు మజ్జిగ తాగుతూ ఆలోచించింది. మాటలో తప్పు దొరకలేదు. కాని కాగితంలో నలభై ఒకటి ఉంది. ఒకే ఇంటి ఆవరణలో ఉన్న ఫోన్లు ఒకదానికొకటి కాల్ చేసుకోకుండా ఒకటో తేదీ నుంచి అడ్డుకట్ట వేయించింది. "క్షమించండమ్మా, గ్రహాన్ని కాపాడుకోవాలి గదా" అని వెళ్ళేటప్పుడు అన్నది. ఏ గ్రహానికి శాంతి చేయించాలో తిరుపతమ్మకు అర్థం కాలేదు.

ఒకటో తేదీ నుంచి మెట్ట మీద వ్యవహారం చెడింది. రింగు రాని మొదటి రోజు మాలకొండయ్య తొమ్మిది ఇడ్లీలు తిన్నాడు. మూడో రోజుకు పంతొమ్మిది. అయినా రాళ్ళపల్లికి సిగ్నలు అందలేదు. మాట పోవడం అయిదు క్షణాలు ఆలస్యమై, ఒకరి ప్రశ్నకు ఇంకొకరి జవాబు తగలడం మొదలైంది. తూర్పుపాలెంలో ఒకాయన పశువుల డాక్టరుకు ఫోన్ చేసి తన అత్తగారికి రెండు పూటలా పట్టించాల్సిన మందు రాసుకున్నాడు. మాలకొండయ్య ఒళ్ళు కాలిపోతోందని జిలానీ తడిగుడ్డ వేసి, ఫ్యాను తెప్పించి, దానికి పాత జనరేటరు బాగుచేయించి డీజిలు పోశాడు. హరిత టవరు పక్కన జనరేటరు పొగ లేచింది.

హిమబిందు మొండిది కాదు, అంకె చెబితే వింటుంది. మిస్డ్ కాల్స్ ఉన్న నెలనూ లేని మూడు రోజులనూ పక్కపక్కన పెట్టి చూసింది. నలభై ఒక్క రింగులకు ఖర్చయ్యేది పావు ఇడ్లీ. అవి లేకపోతే పోయేవి పదమూడు. తిరుపతమ్మ వృథా కాదు, పరికరంలో భాగం. ఈ మాట రాయడానికి తగిన పదం కోసం ఒక పూటంతా వెతికి, 'స్థిరీకరణ సాధనం' అని రాసి పెద్ద ఆఫీసుకు పంపింది.

పెద్ద ఆఫీసు వాళ్ళు ఇంకో అడుగు ముందుకు వేశారు. ఇరవై ఎనిమిదేళ్ళు ఒకే కుండలో అన్నం తిన్న మనిషిని పరీక్షించకుండా వదలడం ఎందుకన్నారు. జిలానీ తిరుపతమ్మను రాళ్ళపల్లి దగ్గరి పులిబోను గుట్ట ఎక్కించి చూశాడు. నాలుగు గీతలు వచ్చాయి, పైగా ఆవిడకు మూడున్నర ఇడ్లీలే చాలు.

ఆదేశం వచ్చింది. తిరుపతమ్మను రెండో టవరుగా నియమిస్తూ, రెండు టవర్ల మధ్య కనీసం నాలుగు కిలోమీటర్ల దూరం ఉండాలన్న నిబంధన ప్రకారం పులిబోను గుట్ట మీద కూర్చోబెట్టాలని. సమ్మతి కాగితం పట్టుకుని జిలానీ వాళ్ళింటికి వచ్చాడు. మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"ఇష్టం లేకపోతే రాయమాకు పిన్నీ. రాయకపోతే రింగులు ఆపినట్టే ఉంచుతారంట. రాస్తే గుట్ట మీద కూకోవాల. గేదెను నేను చూసుకుంటాలే."

తిరుపతమ్మ కాగితం అటూ ఇటూ తిప్పింది. మొగుడి పక్కన కూర్చుని మాట్లాడలేక దిగి రావడం ఒక పక్క, మెట్టకు దూరంగా కూర్చుని మాట్లాడటం ఒక పక్క. ఇల్లు చూసింది, అలమర చూసింది.

"ఆ గుట్ట మీంచి ఆయన అగుపిస్తాడా?"

"అగుపించాలి పిన్నీ. రొండు టవర్లూ ఎదురెదురుగా ఉండి, మద్దెలో చెట్టు కూడా అడ్డం రాకూడదు. వొస్తే కొట్టించేస్తారు."

"ఎవురు కొట్టిస్తారు?"

"కంపెనీనే."

మా పెళ్ళికి పెద్దలు కూడా ఇంత పట్టింపు చూపించలేదని తిరుపతమ్మ అనుకుని, సంతకం పెట్టింది.

ఆ రోజు నుంచి గుండ్లమెట్ట మీద మాలకొండయ్య, పులిబోను గుట్ట మీద తిరుపతమ్మ, ఇద్దరి మెడల్లోనూ ఆకు రేకులు. ఎండ వేళ ఒకరి రేకు తళుక్కుమంటే ఇంకొకరికి కనిపిస్తుంది. రాళ్ళపల్లిలో బయలుదేరిన మాట తిరుపతమ్మకు చేరి, ఆమె నుంచి మాలకొండయ్యకు చేరి, అతని నుంచి ఊళ్ళోకి దిగుతుంది. రోజుకు పద్దెనిమిది వేల మాటలు ఆమె చేతుల మీదుగా అతని చేతుల్లోకి, అతని చేతుల మీదుగా ఆమె చేతుల్లోకి. వాటిలో ఒక్కటీ వాళ్ళది కాదు. అయితేనేం, అందించడంలోనే ఉంది కిటుకంతా. మాటను ఒక్క క్షణం చేతిలో పట్టుకుని వదిలితే ఒక అర్థం, చప్పున వదిలితే ఒక అర్థం, రెండు ముక్కలు చేసి పంపితే ఒక అర్థం. ఊళ్ళో మాట్లాడుకునేవాళ్ళకు మాత్రం మధ్యలో కాస్త గొంతు తెగినట్టుంటుంది. "హలో, హలో, వినపడతందా?" అని వాళ్ళు ఫోను చెవికి నొక్కుకుంటున్నారంటే, మాలకొండయ్య కాకరకాయ చేదు గురించి ఏదో చెబుతున్నాడన్న మాట. ఇద్దరికీ కలిపి తొమ్మిదిన్నర ఇడ్లీలు. మాలకొండయ్య మునుపటిలా పొద్దునే మాటతో లేస్తున్నాడు. ఆ వేళప్పుడు పాల కేంద్రం వాళ్ళ ఫోన్లు కాస్త ఎక్కువ తెగుతాయి.

ఏడాది తిరిగింది. టవర్లకు సాలీనా ఒక గంట పూర్తిగా విశ్రాంతి ఇచ్చి తనిఖీ చెయ్యాలన్న నిబంధన ప్రకారం, జూన్ ఏడున ఉదయం పదింటికి ఇద్దర్నీ కుర్చీల్లోంచి లేపి గుండ్లమెట్ట జనరేటరు గదికి తీసుకొచ్చారు. ఆ గంట సేపు ఏ నిబంధనా లేదు, నోరారా మాట్లాడుకోవచ్చు. ఈ ఏర్పాటు హిమబిందు ప్రత్యేకంగా అడిగి చేయించింది. తనే స్వయంగా రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి, జిలానీతో టీ తెప్పించి, వాళ్ళను వదిలిపెట్టి బయటికి వెళ్ళింది. బయట గడప పక్కన నిలబడి భర్తకు మెసేజీ పెట్టబోయి, సిగ్నలు లేదని గుర్తొచ్చి ఫోను జేబులో పెట్టుకుంది.

మాలకొండయ్య భార్యను చూశాడు. ఎండకు నల్లబడింది. చెవుల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. నాలుగు కిలోమీటర్ల నుంచి అది కనిపించలేదు. చెప్పాల్సినవి నోటి దాకా వచ్చాయి.

"బాగుండావా?" అన్నాడు.

"ఆ. నువ్వు?"

"ఆ."

టీ తాగారు. తిరుపతమ్మ గ్లాసు కింద పెట్టి, కొంగు సర్దుకుంది. మాలకొండయ్య గోడకున్న పాత స్విచ్చి బోర్డు చూశాడు, తలుపు చూశాడు. నోటితో మొదలుపెడితే మాట మరీ పెద్దదిగా, మరీ దగ్గరగా వచ్చి మీద పడినట్టుంది. ఆపి వదలడానికి మధ్యలో ఏమీ లేదు. తిరుపతమ్మ బొటనవేలు ఒడిలో దానంతటదే కదులుతోంది. మాలకొండయ్య దాన్ని చూసి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

"ఏందో చెప్పబొయ్యావు?" అంది.

"చెప్తాలే. ఆడికి పొయ్యాక."

"అదే మంచిది. ఆడైతే తీరిగ్గా చెప్పుకోవచ్చు. ఈడ ఏందో ఉక్కగా ఉంది."

ఇంకా ముప్పయి అయిదు నిమిషాలుంది. ఇద్దరూ లేచి, పెందలాడే పోయి కూర్చుంటామని హిమబిందుకు చెప్పారు. గంట పూర్తి కానిదే కుదరదని ఆమె అన్నది. సరేనని మళ్ళీ వచ్చి ఎదురెదురుగా కూర్చున్నారు. కిటికీలోంచి కింద ఊరు కనిపిస్తోంది. అరుగుల మీద, మంచాల మీద, బడి మెట్ల మీద జనం ఇద్దరిద్దరుగా, నలుగురు నలుగురుగా కూర్చుని ఉన్నారు. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. తలలెత్తి మెట్ట వైపే చూస్తున్నారు. మాలకొండయ్య వాళ్ళకు చెయ్యి ఊపి, ఇంకాసేపు ఓపిక పట్టమన్నట్టు సైగ చేశాడు.